ఎండాకు నిల్వ లేకుండా కంపోస్టు మొదలుపెట్టకండి

విశాఖ ఎంవీపీ కాలనీలో 60 ఫ్లాట్ల అపార్ట్‌మెంటు మాది. వంటింటి తడి చెత్తని గేటు దాటనివ్వకుండా ఇక్కడే ఎరువు చేద్దామని ఐదుగురం కలిసి 2024 డిసెంబరులో మొదలెట్టాం. 2025 సెప్టెంబరుకి పదో నెల. దేనికెన్ని రోజులు పట్టింది, ఎంతయింది, ఎప్పుడు కంపు కొట్టింది, ఎందుకు కొట్టింది అనేది వరసగా రాస్తున్నాను. చెత్తకి ఎప్పుడూ లోటు రాలేదు. జనాన్ని ఒప్పించడం భయపడినంత కష్టమూ కాలేదు. పీకల మీదికి తెచ్చింది మాత్రం తడి చెత్తలో కలపాల్సిన ఎండాకు.

డిసెంబరు 8 ఆదివారం అసోసియేషన్ మీటింగులో విషయం పెట్టాం. వాసన, దోమలు, ఎలకలు, పాములు: ఈ నాలుగూ అడుగుతారని తెలుసు, జవాబులు సిద్ధం చేసుకునే వెళ్లాం. తెలియనిది ఐదో ప్రశ్న. "ఇది చట్ట ప్రకారం తప్పనిసరా?" అప్పటికి అమల్లో ఉన్న 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనల్లో 5,000 చదరపు మీటర్లు దాటిన గేటెడ్ కమ్యూనిటీల గురించీ, రోజుకి 100 కిలోలకి మించి చెత్త వచ్చే చోట్ల గురించీ ఉండేది. మాది రెంటిలోకీ రాదు. ఆ మాట నిజాయితీగా చెప్పేసరికి "అయితే మనకెందుకండీ ఈ గొడవ" అన్నారు సగం మంది. మీది ఇప్పుడు అమల్లో ఉన్న నిబంధనల కిందికి వస్తే మీటింగు తొందరగా తేలుతుంది.

స్థలం దగ్గర ఇంకో చిక్కు. ఖాళీగా ఉన్నది ఈశాన్యం మూల. పొద్దుటెండ తగులుతుంది, నీరు నిలవదు, అన్ని విధాలా బాగుంది. "ఈశాన్యంలో చెత్త కుప్పేంటి బాబూ" అని ఓ పెద్దాయన లేచారు, ఆయన వెనక ఇంకో పదిమంది. వాస్తు మీద వాదించి గెలిచినవాడు లేడు కాబట్టి వాయవ్యంలో, జనరేటర్ గది వెనక్కి ఒప్పుకున్నాం. అక్కడ రోజంతా నీడ, ఆవరణ వాలంతా అటే. ఆ ఒప్పుకోలుకి జులైలో మూల్యం కట్టాం. అనుమతి కాగితం మీద సంతకాలు డిసెంబరు 31న పడ్డాయి. 23 రోజులు. ఆ తర్వాత ధనుర్మాసంలో కొత్త పని వద్దన్నారు, మేస్త్రీ సంక్రాంతికి ఊరెళ్లాడు. ఇటుక పడింది జనవరి 20న.

మూడు తొట్లు పక్కపక్కనే కట్టించాం. ఒక్కొక్కటి 3 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు, 4 అడుగుల ఎత్తు. 3 అడుగుల కంటే చిన్నదైతే లోపల వేడి నిలవదు, మరీ పెద్దదైతే నడిమధ్యకి గాలి అందదు. ఇటుకకీ ఇటుకకీ మధ్య రెండంగుళాల సందు వదిలి జాలీలా పేర్చాలి. మన మేస్త్రీలకి సందు వదలడమంటే పని చెడగొట్టడం. మొదటి రెండు వరసలు సందుల్లేకుండా శుభ్రంగా కట్టేశాడు, ఊడదీయించాం. పక్కన నిలబడకపోతే గోడ మొత్తం అలాగే లేచేది. ముందువైపు గోడ వద్దు. రెండు పక్కలా ఇనప చానెల్ బిగించి, అందులోకి ఆరంగుళాల చెక్కలు ఒకదాని మీద ఒకటి జారవిడవాలి. ఎరువు తీసేటప్పుడు చెక్కలు లాగేస్తే చాలు, పైనుంచి వంగి తోడక్కర్లేదు. అడుగున కాంక్రీటు, ముందుకి రెండంగుళాల వాలు, చివర పైపు, దాని కింద బకెట్.

ఖర్చు: 400 ఇటుకలు 3,600, మూడు బస్తాల సిమెంటు 1,200, ఇసక, చిప్స్ 1,500, మేస్త్రీకి, కూలీకి రెండు రోజులు 3,400, చానెల్, చెక్కలు 1,600, పైన రేకులు, పైపులు, వెల్డింగు 7,800. మొత్తం 19,100 రూపాయలు. విడివిడిగా చూస్తే అన్నిటికంటే కప్పుకే ఎక్కువైంది. అయినా అక్కడ పొదుపు చూడకండి. మేం రేకుని తొట్టి అంచుకి అడుగు మాత్రమే ముందుకి దించాం, అదీ తప్పే.

తొమ్మిది రోజులు గోడలు తడిపి, ఫిబ్రవరి 2 ఆదివారం మొదటి బకెట్ వేశాం. మొదట చేరినవి 26 ఫ్లాట్లు. రోజుకి 14 కిలోలు వచ్చేది, అంటే ఇంటికి అర కిలో పైచిలుకు. ఆదివారాలు దానికి ఒకటిన్నర రెట్లు. కొక్కెం తరాజు 600 పెట్టి కొన్నాం, రోజూ తూకం రాశాం. చాదస్తం అనిపిస్తుంది కానీ ఎండాకు లెక్క కట్టాలంటే ఆ పుస్తకమే ఆధారం.

వేసే పద్ధతి ఇది. తొట్టి అడుగున అడుగు మందాన కొబ్బరి డొక్కలు, పుల్లలు. దాని మీద నాలుగంగుళాలు ఎండాకు. పది కిలోల పేడ, అర కిలో అనకాపల్లి బెల్లం నీళ్లలో కలిపి మొదటి మూడు పొరల మీదా చల్లాం. ఆ తర్వాత ఒక బకెట్ తడి చెత్తకి ఒక బకెట్ నలిపిన ఆకు, ఫోర్కుతో కలిపి, పైన మళ్లీ రెండంగుళాలు ఆకు కప్పి మూసేయడం. ఆకు నలపకపోతే రెండు బకెట్లు కావాలి. తూకంలో చెప్పాలంటే 24 కిలోల తడి చెత్తకి సుమారు 5 కిలోల ఎండాకు. 450 రూపాయలకి కిలో ఎంజైము పొడి కూడా తెచ్చాం. పొడి వేసిన పొరల్లోనూ వేయని పొరల్లోనూ తేడా ఏమీ కనపడలేదు. రెండో తొట్టికి మొదటి తొట్టిలోంచి రెండు గంపలు తీసి కలిపాం, పొడి కంటే అదే నయం.

నలపడం గురించి కొంచెం చెప్పాలి. మాకు దొరికేది ఎక్కువగా బాదం ఆకు. అది నలక్కుండా వేస్తే తడికి ఒకదానికొకటి అంటుకుపోయి విస్తరాకు కుట్టినట్టు పొర కడుతుంది, గాలి కిందికి దిగదు. ఆకు ముక్కలు చేసే యంత్రం అడిగితే చెప్పిన ధర మా తొట్లన్నిటి ఖర్చుకంటే ఎక్కువ. చివరికి చేసినదేమిటంటే, బాగా ఎండిన ఆకుని గోతాల్లో సగం వరకే నింపి, మూతి కట్టి, సెల్లార్‌లో వరసగా పరిచి, కారుని వాటి మీదుగా నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ నడిపాం. అప్పడాలు నలిగినట్టు నలిగింది. గోతాం నిండా కూరితే నలగదు, చిట్లుతుంది. ఆకు ఏమాత్రం చెమ్మగా ఉన్నా ఇది పనిచేయదు. మన సముద్రపు గాలికి పొద్దున్నే ఆకు మెత్తబడి ఉంటుంది, మధ్యాహ్నం రెండు మూడు గంటలప్పుడే చేయాలి.

మొదటి వారం థర్మామీటరు 34 దాటలేదు. ఏదో తప్పు చేశామని దిగులుపడ్డాం. తప్పేమీ లేదు, కుప్ప ఎత్తు చాలలేదంతే. అడుగున్నర ఎత్తు వచ్చాక పదకొండో రోజున 57 చూపించింది. ఫోర్కు దించి తిరగేస్తే పొద్దుటి చలిలో ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి లేచింది. ఆ రోజు ఐదుగురం ఆఫీసులకి ఆలస్యంగా వెళ్లాం. 55 డిగ్రీలు మూడు రోజులకి తగ్గకుండా ఉంటే రోగక్రిములూ కలుపు గింజలూ చాలావరకు చస్తాయి. తొట్టి అంచుల్లో అంత వేడి రాదు, అందుకే అంచుల్లోంచి టమాటా మొలకలు లేస్తాయి. వారానికోసారి అంచుల్లోది మధ్యకి లాగాలి.

చెత్త వేరుచేయడంలో అందరూ చెప్పేవి వచ్చాయి, చెప్పనివి రెండు. ఒకటి, పూజ పూల దండల దారం. నూలు దారమైతే మురిగిపోతుంది. నైలాను దారమైతే ఫోర్కు పళ్లకి చుట్టుకుని తిరగెయ్యడమే కుదరదు. పూలు వేరే బుట్టలో ఇమ్మని, దారం లాగేసి ఇమ్మని చెప్పాల్సొచ్చింది. రెండోది, పాల ప్యాకెట్ మూల. కత్తిరించిన ఆ బుల్లి ముక్క చేతిలోంచి కూర తొక్కల్లో పడిపోతుంది, ఎవరికీ కనపడదు. మొదటి తొట్టి జల్లెడ పట్టినప్పుడు అవి 143 ఏరాం. ఇప్పుడు మూలని పూర్తిగా కోయకుండా ప్యాకెట్‌కే వేలాడేలా వదలమంటున్నాం. నెలకి పదో పన్నెండో వస్తున్నాయి.

మూడో వారంలో ఓ బకెట్‌లో డైపర్లు వచ్చాయి. కోపంలో ఫోటో తీసి గ్రూపులో పెట్టాం. ఎవరిదో చెప్పకపోయినా అందరికీ తెలిసిపోయింది, వాళ్లతో పాటు పక్కింటివాళ్లూ మానేశారు. ఆ తర్వాత ఏ ఇంటి విషయమైనా తలుపు కొట్టి లోపల కూర్చునే మాట్లాడాం. మానేసిన రెండు ఇళ్లూ తిరిగి రావడానికి ఏడు వారాలు పట్టింది.

ముక్కు చెప్పేది నేర్చుకుంటే థర్మామీటరు లేకపోయినా నడుస్తుంది. కళ్లు మండేలా ఘాటుగా కొడితే తడి చెత్త ఎక్కువై ఆకు తక్కువైందని, అమోనియా పోతోందని అర్థం. కుళ్లిన గుడ్డు వాసనైతే గాలి అందక, నీరెక్కువై లోపల మురుగుతోందని. మొదటిదానికి ఆకు కలిపితే చాలు. రెండోదానికి ముందు అంతా తిరగేసి, పుల్లలు గానీ కొబ్బరి పీచు గానీ దూర్చి, తర్వాత ఆకు కలపాలి. తడి సరిపోయిందో లేదో పిడికిట్లో పిసికి చూస్తాం. ఒకటి రెండు చుక్కలు రాలితే సరి, ధార కడితే ఎక్కువ, ముద్ద విడిపోతే తక్కువ. విశాఖలో తక్కువైన రోజు మాకు ఒక్కటీ రాలేదు.

చేపలు, రొయ్యలు వద్దని మొదట్లో నియమం పెట్టాం. ఈ ఊళ్లో ఆదివారం ఆ నియమం ఎవరు పాటిస్తారు? ఆకుకూర కాడల కింద దాచి మరీ పంపేవారు. దాచిన రొయ్య పొట్టు పైపైన పడి పందికొక్కుల్ని పిలిచింది. మార్చి 16 రాత్రి జాలీ సందులోంచి దూరి సగం తొట్టి తవ్విపోశాయి. సందులకీ కప్పు కిందా అరంగుళం వెల్డ్‌మెష్ (ఇనప తీగల వల) కొట్టించాం, 2,200. కట్టేటప్పుడే గోడలో బిగిస్తే ఇందులో సగంతో పోయేది. అప్పట్నుంచి నియమం మార్చాం. రొయ్య పొట్టు, చేప పొలుసు విడిగా కాగితంలో చుట్టి ఇస్తే వేడిగా ఉన్న తొట్టి నడిమధ్య అడుగు లోతున పూడుస్తాం. రెండు వారాల్లో కనపడదు. కోడి ఎముకలు మాత్రం ఎంతకీ కరగవు, అవి తీసుకోం.

పురుగుల రోజు కూడా వచ్చింది. ఏప్రిల్ మొదట్లో చెక్క తీస్తే వందలకొద్దీ కదులుతున్నాయి. రోజూ చెత్త కలిపేది మా వాచ్‌మన్ భార్య. ఆవిడ ఫోర్కు కింద పడేసి, "ఏటి బాబూ, ఎరువన్నారు, పురుగులు పెంచుతున్నారేటి?" అంది. దగ్గరగా చూశాం. గోధుమరంగులో, బల్లపరుపుగా, ఒళ్లంతా గీతలు పడినట్టున్నాయి. అవి బ్లాక్ సోల్జర్ ఫ్లై పిల్లపురుగులు. చెత్తని గబగబా తినేస్తాయి. వాటి ఈగ మనింట్లో తిండి మీద వాలదు. తెల్లగా సన్నగా ఉంటే ఇంటి ఈగవి, పైన ఆకు సరిగ్గా కప్పలేదని గుర్తు. మావి మొదటి రకం. చెక్క పక్కకి రాలినవాటిని గోరింకలు చూసుకున్నాయి. ఆవిడ మాత్రం మూడు రోజులు దగ్గరికి రాలేదు, ఆ మూడు రోజులూ మేమే కలిపాం. మోచేతుల దాకా చేతి తొడుగులు, మూతికి గుడ్డ, అయినా స్నానం చేశాక అన్నం సయించేది కాదు. ఆవిడకి నెలకి మొదట అనుకున్న 2,000ని 3,000 చేశాం. అది ముందే చేయాల్సిన పని. వాలంటీర్లు వంతులు వేసుకుని ఉచితంగా నడుపుతారనే ఊహ ఐదో వారానికే చచ్చింది.

ఇక అసలు లెక్క తప్పిన చోటు. మొదటి తొట్టి నిండడానికి 32 రోజులు పట్టింది, మార్చి 6న మూసేశాం. ఆ వేగంతో మూడు తొట్లయితే ఒక్కోదానికి రెండు నెలల మాగుడు దొరుకుతుంది, చాలు. కానీ ఆవిరి చూసి జనం చేరారు. ఏప్రిల్ 1కి 44 ఫ్లాట్లు, రోజుకి 24 కిలోలు. రెండోది 27 రోజులకే నిండింది. మూడోది 20 రోజులకే, ఏప్రిల్ 23న. మొదటి తొట్టి 48 రోజులే మాగింది, బయట నల్లగా, లోపల ఇంకా అరటి తొక్క గుర్తుపట్టేలా ఉంది. తప్పక అదే ఖాళీ చేసి సెల్లార్‌లో టార్పాలిన్ మీద కుప్పేశాం. కింద కార్లు పెట్టుకునేవాళ్ల మొహాలు చూడలేకపోయాం. పదేసి మంది చేరడం సంతోషమే, తొట్లు మాత్రం చేరబోయేవాళ్లని లెక్కేసి కట్టాలి. నాలుగోది జూన్ 8కి లేచింది, విడిగా కట్టించడంతో దానికొక్కదానికే 8,400.

దాంతో పాటే మే నెల వచ్చింది. మామిడి తొక్కలు, టెంకలు, ఆవకాయ రోజుల్లో జీడి, పైన పనస తొక్క. రోజుకి 24 కిలోలు కాస్తా 38 అయ్యాయి, అన్నీ నీటి సరుకే. సరిగ్గా మే 14న ఆకు గోతాలు అయిపోయాయి.

ఎండాకు మాఘ ఫాల్గుణాల్లో రాలుతుంది. బాదం, నిద్రగన్నేరు, రావి, అన్నీ అప్పుడే. ఫిబ్రవరి, మార్చిల్లో దగ్గర పార్కు ఊడ్చేవాళ్లతో మాట్లాడుకుని గోతానికి పది రూపాయల చొప్పున 60 గోతాలు తెచ్చాం. అంతకుముందు వాళ్లు మూలకి తోసి అగ్గిపుల్ల గీసేవారు. బండి రాకముందు, ఆరింటికల్లా వెళ్లాలి. ఆలస్యమైతే బూడిదే. ఊడ్చిన ఆకులో ఇసక, గుట్కా ప్యాకెట్లు, సీసా మూతలు ఉంటాయి. గోతాలు బరువుగా తగిలితే సంతోషించకండి, సగం ఇసకే. 60 గోతాలు చూసి ఏడాదికి సరిపోతాయనుకున్నాం. గోతానికి నలిపిన ఆకు ఆరున్నర కిలోలు. రోజుకి 5 కిలోల లెక్కన ఏడాదికి 1,800 కిలోల పైన, అంటే దాదాపు 280 గోతాలు. ఈ చిన్న గుణకారం ఫిబ్రవరిలో ఎవరం వేయలేదు.

ఆకు లేని మూడు వారాలూ తొట్లు కుళ్లిన గుడ్డు వాసన కొట్టాయి. జనరేటర్ గది పైన రెండో అంతస్తువాళ్లు కిటికీలు మూసుకుని ఏసీ బిల్లు మాకు చూపించారు. వాళ్ల తప్పేం లేదు. కొబ్బరి పొట్టు దిమ్మలు తెచ్చాం, ఐదు కిలోలది 170 రూపాయలు. తడిపితే బోలెడు పొంగుతుందని సంచి మీద రాసి ఉంటుంది. మన అవసరానికి తడపకూడదు. పొడిగానే గునపంతో పొడిచి చెత్తలో కలిపితే నీళ్లు పీల్చేస్తుంది. కాకపోతే మెత్తటి పొడి, గాలికి సందివ్వదు, కొబ్బరి డొక్కల ముక్కలు కలిపి వేయాలి. బీచ్ రోడ్డు చెరకు రసం బళ్ల దగ్గర పిప్పి తెచ్చి రెండు రోజులు ఎండబెట్టి వేస్తే అన్నిటికంటే బాగా పనిచేసింది. ఎండబెట్టకపోతే తీపికి చీమలూ ఈగలూ పడతాయి. రంపపు పొట్టు కావాలంటే కలప కోసే మిల్లు నుంచే తేవాలి. ఫర్నిచరు షాపు పొట్టులో ప్లైవుడ్ జిగురు ఉంటుంది. అదీ కొంచెమే వేయాలి, మాగడానికి నెలలు పడుతుంది.

జులై వానలకి వాయవ్యం మూల సంగతి బయటపడింది. సముద్రం మీంచి వచ్చే వాన అడ్డంగా కొడుతుంది, అడుగు చూరు దానికి లెక్కలోది కాదు. పైగా ఆవరణ నీళ్లన్నీ తొట్ల అడుక్కి చేరాయి. పైపులోంచి నల్లటి నీరు రోజుకి రెండు బకెట్లు. దాన్ని ఒకటికి పది పాళ్లు నీళ్లు కలిపి చెట్ల మొదళ్లలో పోశాం, వాసన వస్తుంది కాబట్టి రాత్రి పూట. చుట్టూ ఆరంగుళాల గట్టు, ముందు చుట్టచుట్టి పైకి కట్టే టార్పాలిన్ తెర, 1,900.

మొదటి ఎరువు మే 18న జల్లెడ పట్టాం. నీడలో పది రోజులు ఆరబెట్టాక, ఇసక జల్లెడతోనే. 450 కిలోల తడి చెత్తకి 112 కిలోలు. జల్లెడ పైన మిగిలిన ముతక సరుకుని పారేయకండి, తర్వాతి తొట్టికి అదే తోడు. చూడ్డానికి నల్లగా ఉంటే చాలదు. గుప్పెడు తడిపి కవరులో గాలి లేకుండా మూడు రోజులు కట్టి ఉంచాం, విప్పితే మట్టి వాసనే వచ్చింది. పది మెంతులు వేశాం, తొమ్మిది మొలిచాయి. మొదట మే 4న ఇదే పరీక్ష చేస్తే మూడే మొలిచాయి, అంటే అప్పటికింకా పచ్చిగా ఉంది. ఆ రోజే పంచి ఉంటే తులసి మొక్కలు మాడిపోయేవి, మళ్లీ ఎవరూ తీసుకునేవారు కాదు.

మాగాక కూడా ఎవరూ ఎగబడలేదు. ఒక్కో ఫ్లాట్‌కి బాల్కనీలో రెండు కుండీలు, వాటికి కిలో చాలు. తొమ్మిది ఇళ్లు తీసుకున్నాయి, 14 కిలోలు. మేడ మీద కూరగాయలు పెంచే వేరే అపార్ట్‌మెంటువాళ్లు 30 కిలోలు పట్టుకెళ్లారు. మిగతాది పార్కుకే ఇచ్చాం. అక్కడి తోటమాలి ఆ ఎరువు నలిపి చూసి, "ఆకు ఉంచుతాం, తీసుకెళ్లండి" అన్నాడు. గోతానికి పది రూపాయలు ఇంకా ఇస్తూనే ఉన్నాం, కానీ ఇప్పుడు మూలన అగ్గి పడటం లేదు.

నెల ఖర్చు ఆవిడ జీతంతో కలిపి మూడున్నర వేలు. చేరిన ఫ్లాట్‌కి 80 రూపాయలు తీసుకుంటున్నాం.

ఆగస్టు 27న వినాయక చవితి. పత్రి, అరటి పిలకలు, మామిడి తోరణాలు కలిపి మూడు రోజుల్లో 61 కిలోలు. పిలకలు చిన్న ముక్కలుగా నరికితేనే వేయాలి, లోపలంతా నీళ్లే. నాలుగో తొట్టి ఉంది కాబట్టి సర్దుకుంది. ఆకు గోతాలు సెల్లార్‌లో 31 ఉన్నాయి. మెట్ల కింద పేరిస్తే నిప్పంటుకుంటుందని అసోసియేషన్ అభ్యంతరం చెప్పింది, నిజమే, అందుకని నీళ్ల సంపు పక్కకి మార్చాం. అక్టోబరులో తుఫాన్ల కాలం. అంతలోగా ఇంకో నలభై దొరకాలి, అందుకే ఈ ఆదివారం ఆరింటికి మళ్లీ పార్కుకి.